'నాకు సమాధానం లేదయ్యగారూ': డయాలసిస్ వార్డులో ఒక కేసు

నేను ఉత్తరాంధ్రలో ఒక ఆసుపత్రిలో చాప్లిన్‌గా పనిచేస్తున్నాను. పాస్టర్‌నే, కాకపోతే నా సంఘం బెంచీల మీద కాకుండా మంచాల మీద ఉంటుంది. డాక్టర్లు, సిస్టర్లు ఎవరిని చూడమంటే వాళ్ల దగ్గర కూర్చుంటాను. ఈ కేసులో నేను చాలా తప్పులు చేశాను. మొదటి తప్పు ఒకే ఒక్క మాట దగ్గర జరిగింది. అందుకే రాస్తున్నాను.

రాయడానికి ఆయన, ఆయన భార్య ఒప్పుకున్నారు. రాసింది ఇద్దరికీ చదివి వినిపించాను. ఊరు, సంఘం, ఆసుపత్రి, తేదీలు వదిలేశాను. కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. ఉద్దానం పేరు మాత్రం ఉంచాను. అది తీసేస్తే ఈ కేసులో అసలు బాధ ఏమిటో అర్థం కాదు. ఆయన్ని వార్డులో అందరూ పిలిచినట్టే మేస్త్రి అంటాను.

నేపథ్యం

ఉద్దానం అంటే శ్రీకాకుళం జిల్లాలో సముద్రం వెంబడి ఉన్న కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతం. కొబ్బరి, జీడి, పనస తోటలు. కొత్తగా వచ్చినవాళ్లు ఇదేదో రెండో కోనసీమ అనుకుంటారు. ఈ పచ్చదనం కిందే ఎన్నో ఏళ్లుగా కిడ్నీ జబ్బు ఉంది. షుగరు లేనివాళ్లకి, బీపీ లేనివాళ్లకి, మందు ముట్టనివాళ్లకి కూడా వస్తుంది. ఒకే ఇంట్లో ఇద్దరికి, ముగ్గురికి వచ్చిన సందర్భాలున్నాయి. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, భార లోహాలన్నారు, నీళ్లు తాగకుండా ఎండలో చేసే పని అన్నారు. దేశం నుంచి, విదేశాల నుంచి పరిశోధకులు వచ్చి రక్తం, మూత్రం, మట్టి, నీళ్లు పట్టుకెళ్లారు. ఇదీ కారణం అని ఇప్పటికీ తేలలేదు.

మేస్త్రి వయసు నలభై దాటింది. తాపీ పని. ఇరవయ్యో ఏట పెళ్లి, ఆ తర్వాత రెండేళ్లకి బాప్తిస్మం. వాళ్ల ఊరి ప్రార్థన మందిరానికి పునాది నుంచి గచ్చు దాకా ఆయన చేతి పనే. కూలి తీసుకోలేదు. కొద్దిపాటి కొబ్బరి తోట ఉండేది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి అందులో చాలా చెట్లు నేలకూలాయి. కొబ్బరి మళ్లీ వేస్తే కాపుకి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లు గడవకముందే కాళ్ల వాపు, ఆయాసం మొదలయ్యాయి. పరీక్ష చేసేసరికి కిడ్నీలు దాదాపు పూర్తిగా పోయాయి. ఈ జబ్బుతో వచ్చిన చిక్కు అదే, చివరి దశ దాకా నొప్పి ఉండదు. ఎడమ చేతికి ఫిస్టులా వేశారు, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపి చేసే దారి. వారానికి రెండు డయాలసిస్‌లు, ఒక్కోటి నాలుగు గంటలు. ఖర్చు ప్రభుత్వ పథకంలో పోతుంది. నెలకు 10,000 పింఛను వస్తుంది. భార్య జీడిపప్పు పనికి వెళుతుంది. కొడుకు, కూతురు ఇద్దరూ చదువుకుంటున్నారు. ఆయన అన్నగారు ఇదే జబ్బుతో అంతకు నాలుగేళ్ల ముందు పోయారు.

ఒక చిన్న సంగతి. డయాలసిస్ పేషెంటు కొబ్బరి నీళ్లు తాగకూడదు. వాటిలో పొటాషియం ఎక్కువ, గుండెకి ప్రమాదం. చుట్టూ కొబ్బరి చెట్లు, వేసవి, రోజుకి లెక్కపెట్టి ఇచ్చే నీళ్లు. ఆయన దాహం గురించి మాట్లాడినప్పుడల్లా నాకు ఇది గుర్తొచ్చేది.

ఎందుకు పిలిచారు

డయాలసిస్ సిస్టర్ నన్ను పిలిచి చెప్పింది: 'మేస్త్రిగారు ఇక రానంటున్నారు. సూది గుచ్చేటప్పుడు కూడా గోడ వైపే చూస్తున్నారు. ప్రార్థన చేద్దామా అంటే వద్దన్నారు.' ఈ చివరి మాట దగ్గరే ఆమె గొంతు మారింది. అంతకుముందు పక్క మంచాలవాళ్ల కోసం పాట ఎత్తుకునేది ఆయనే.

రెండు నెలల క్రితం ఒక ఘటన జరిగింది. ఎక్కడో స్వస్థత కూడికకి, అంటే ప్రార్థనతో జబ్బులు నయమవుతాయని పెట్టే సభకి, వెళ్లొచ్చి ఆయన వరుసగా రెండు డయాలసిస్‌లు మానేశారు. 'బాగైపోయావు, నమ్ము' అన్నారట అక్కడ. పది రోజులకి అర్ధరాత్రి ఊపిరాడక ఆసుపత్రికి తెచ్చారు. ఒంట్లో ఆరు కిలోల నీరు చేరింది. పొటాషియం గుండె ఆగిపోయే స్థాయికి వచ్చింది. అత్యవసరంగా మిషన్ మీద పెట్టి బతికించారు. ఆ రాత్రి తర్వాతే ఆయన గోడ వైపు తిరిగారు.

నాకు మూడు ప్రశ్నలు కనిపించాయి. ఇది డిప్రెషనా? విశ్వాసానికి తగిలిన దెబ్బా? లేక అన్నీ ఆలోచించుకుని 'ఇక చాలు' అంటున్న మనిషి నిర్ణయమా? మూడింటికీ చేయాల్సింది వేరువేరు. మొదటిదైతే సైకియాట్రిస్టు కావాలి. మూడోదైతే ఆయన్ని గౌరవించాలి, బలవంతంగా బతిమాలకూడదు. తొందరపడి ఒక పేరు పెట్టేస్తే మిగతా రెండూ కనపడకుండా పోతాయని నాకు తెలుసు. తెలిసీ తొందరపడ్డాను. ఎలాగో తర్వాత చెబుతాను.

ముందు పీహెచ్‌క్యూ-9 చేశాను. డిప్రెషన్ అంచనాకి వాడే తొమ్మిది ప్రశ్నల పట్టిక అది, మొత్తం 27. ఆయనకి 18 వచ్చింది. అంకె చూసి వెంటనే నమ్మలేదు. అలసట, నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, ఈ మూడింటికే 8 పోయింది. అవి డయాలసిస్ పేషెంట్లలో చాలా మంది చెప్పేవే, రక్తంలో మలినాల వల్ల కూడా వస్తాయి. కానీ మిగతా వాటిలో 'నేను పనికిరానివాణ్ణి', 'ఏ ఆశా లేదు' అన్నవాటికి పూర్తి మార్కులే. చావు గురించిన ప్రశ్న సూటిగా అడిగాను. అడిగితే ఆలోచన పెట్టినట్టవుతుందని కొందరు పాస్టర్లు భయపడతారు. అలా కాదు, అడిగితే మనిషికి ఊపిరి తీసుకునే చోటు దొరుకుతుంది. ఆయన అన్నారు: 'సంపుకోను అయ్యగారూ. మానేస్తాను, అంతే.' ఆ తేడా రాసుకుని డాక్టర్ గారికి చెప్పాను. భార్యకి టెలీ-మానస్ నంబరు 14416 రాసిచ్చాను, మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే ఫోన్ లైను అది.

చెడిన ప్రయత్నాలు

మొదటి రోజే ఆయన నాతో ఒక మాట అన్నారు: 'నాకు సమాధానం లేదయ్యగారూ.'

మన సంఘాల్లో ఈ మాట రోజూ వింటాం. తెలుగు బైబిల్లో శాంతిని సమాధానం అన్నారు. 'ఇంట్లో సమాధానం లేదు', 'మనసుకి సమాధానం కోసం ప్రార్థన చేయండి' అంటుంటారు. పాతికేళ్లుగా ఆ చెవితోనే వింటున్నాను కాబట్టి, ఆయనకి మనశ్శాంతి లేదు అని విన్నాను. వెంటనే శాంతికి సంబంధించిన వచనాలు ఎత్తుకున్నాను. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక నుంచి ఒకటి. రోమా పత్రిక 8వ అధ్యాయం నుంచి, దేవుని ప్రేమించేవారికి అన్నీ మేలుకే జరుగుతాయన్నది. ఆయన గోడ వైపు నుంచి ఇటు తిరిగారు, అది కూడా కోపంతో. 'ఏటి మేలు? సెప్పండి. ఒక్కటి సెప్పండి.' నా దగ్గర ఒక్కటీ లేదు. బాధ తీసేయమని వేడుకున్న అపొస్తలుడు పౌలుకి దేవుడిచ్చిన జవాబు, 'నా కృప నీకు చాలును' అన్నది, చెప్పబోయాను. 'సాలుద్దో సాలదో, ఈ కుర్సీలో నాలుగ్గంటలు కూకుని సెప్పండి' అన్నారు.

ఇంటికొచ్చాక నా భార్యతో 'ఆయన కఠినపడిపోయాడు' అన్నాను. అది ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. వచనం తప్పు కాదు. బాధలో ఉన్నవాడు దాన్ని తనకు తానే చెప్పుకుంటే అది విశ్వాసం. బాధలో లేనివాడు వచ్చి చెబితే నోరు మూసుకోమన్నట్టు వినిపిస్తుంది. పౌలుకి ఆ మాట మూడుసార్లు వేడుకున్నాక, దేవుడి నోటి నుంచి వచ్చింది. చాప్లిన్ నోటి నుంచి రాలేదు.

రెండోది, ఆయన సంఘానికి ఫోన్ చేసి 'ఇంటికెళ్లి ప్రార్థించండి' అన్నాను. పదిహేను మంది వెళ్లారు. రాత్రి పది దాకా పాటలు, ప్రార్థనలు, సాక్ష్యాలు. ఎవరికో క్యాన్సర్ పోయింది, ఎవరికో గడ్డ కరిగింది. అందరూ మంచివాళ్లే, ప్రేమతోనే వెళ్లారు. బాగుపడనివాడి ముందు బాగుపడినవాళ్ల లిస్టు చదివితే వాడికి ఏం వినపడుతుందో ఎవరికీ తట్టలేదు. వరుసగా మూడు రాత్రులు అదే. మూడో రాత్రి ఆయన లేచి పెరట్లోకి వెళ్లిపోయారట.

మూడోది, స్వస్థత కూడికలు పెట్టే ఆ బోధకుడి మీద మేస్త్రి ఎదుటే మండిపడ్డాను. 'మందులు మానేయమన్న దేవుడి సేవకుణ్ణి నేనెక్కడా చూడలేదు' అన్నాను. మాట నిజమే, ఇప్పటికీ అదే అంటాను. కానీ అక్కడ కూర్చున్న భార్య ముఖం చూడకుండా అన్నాను. ఆ కూడికకి ఆయన్ని తీసుకెళ్లింది ఆమె. బస్సు చార్జీలకి పుస్తె కాకుండా మిగిలిన ఒక్క జత కమ్మలు తాకట్టు పెట్టింది. నేను తిట్టింది బోధకుణ్ణి, తగిలింది ఆమెకి. తర్వాతి రెండు వారాలు ఆమె నాతో మాట్లాడలేదు.

సైకియాట్రిస్టు దగ్గరికి వెళదామంటే 'నాకు పిచ్చా?' అన్నారు. నేను చెప్పిన తీరులో కూడా 'నా వల్ల కావట్లేదు, అక్కడికి పో' అన్న ధ్వని ఉందేమో.

నెల గడిచింది. చేతిలో ఏమీ లేదు.

భార్య చెప్పింది

మళ్లీ మాట కలిపింది ఆమే. ఒక శుక్రవారం ఆయన మిషన్ మీద ఉండగా బయట బెంచీ మీద కూర్చుని చెప్పింది. నేను మొదట క్షమాపణ అడిగాను, కమ్మల సంగతి అప్పుడే తెలిసింది నాకు. ఆమె దాన్ని పక్కకి తోసేసి అసలు విషయం చెప్పింది. ఇంట్లో ప్రార్థన పెట్టిన మూడో రాత్రి ఒక పెద్దాయన ఆత్మావేశంతో లేచి, 'ఈ ఇంట్లో వంశ శాపం ఉంది. అన్న పోయాడు, తమ్ముడు పడ్డాడు, తర్వాత పిల్లవాడు. ఎవరో చేసిన పాపం ఒప్పుకోవాలి' అన్నాడట. కొడుకు అక్కడే తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

పెళ్లికి ముందు మేస్త్రి సారా తాగేవారు. ఇంకా ఒకటి రెండు విషయాలు ఉన్నాయి, అవి ఇక్కడ అక్కర్లేదు. బాప్తిస్మంతో అవన్నీ పోయాయని ఇరవై ఏళ్లు నమ్మారు. ఆ రాత్రి తర్వాత మళ్లీ అన్నీ తిరగేసుకోవడం మొదలుపెట్టారు. అప్పుడు నాకు వెలిగింది. 'సమాధానం లేదు' అని ఆయన అన్నది బైబిలు తెలుగులో కాదు, మామూలు తెలుగులో. ఎందుకొచ్చింది అన్న ప్రశ్నకి జవాబు లేదు అన్నారు. ఆయన జవాబు అడుగుతుంటే నేను శాంతి గురించి చెప్పాను.

నన్ను పిలవకముందే గోడ వైపు తిరిగిన మాట నిజం. కానీ ఈ శాపం మాట పడింది నేను పంపిన ప్రార్థన బృందం నుంచి. అది కూడా ఈ కేసు ఫైల్లో నా చేత్తోనే రాశాను.

మతాన్ని ఆసరాగా తీసుకోవడం మీద కెన్నెత్ పార్గమెంట్ అనే అమెరికన్ సైకాలజిస్టు చాలా పనిచేశాడు. ఆయన పద్నాలుగు ప్రశ్నల పట్టికలో ఏడు మేలు చేసే తీరువి, ఏడు కీడు చేసేవి. దేవుడు నన్ను వదిలేశాడు, శిక్షిస్తున్నాడు, సంఘం నన్ను విడిచింది, ఇలాంటివి రెండో రకం. దీని వల్ల నాకు జరిగిన ఉపయోగం ఒక్కటే. డాక్టర్ గారితో మాట్లాడేటప్పుడు 'ఆయన విశ్వాసం తగ్గింది' అనకుండా, 'ఆయన విశ్వాసమే ఇప్పుడు ఆయన్ని పొడుస్తోంది' అని చెప్పగలిగాను. నాస్తికుడైన డాక్టర్ గారికి అది వెంటనే అర్థమైంది.

డాక్టర్ గారి 'తెలియదు'

ఏం చేయాలో ఇద్దరం కూర్చుని ఆలోచించాం. శాపం మాటకి నేను బైబిల్లోంచే జవాబివ్వొచ్చు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి 'వీడు పాపం చేశాడా, వీడి కన్నవాళ్లా' అని శిష్యులు అడిగితే యేసు రెండూ కాదన్నాడు, యోహాను 9లో ఉంది. యెహెజ్కేలు 18 మొత్తం తండ్రి పాపం కొడుకు మోయడన్న వాదనే. కానీ వచనానికి వచనం పెడితే ఆ పెద్దాయనకీ నాకూ మధ్య పోటీ అవుతుంది, మేస్త్రి మధ్యలో నలుగుతారు. పైగా ప్రశ్న సగం ఒంటికి సంబంధించింది. దానికి ఒంటి డాక్టరే చెప్పాలి అనుకున్నాం.

డాక్టర్ గారు మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. మామూలుగా నిలబడే మాట్లాడతారు. 'మేస్త్రిగారూ, ఈ జబ్బు మీకు ఎందుకొచ్చిందో నాకు తెలియదు. మీకే కాదు, ఈ వార్డులో చాలా మందికి ఎందుకొచ్చిందో తెలియదు. ప్రపంచంలో పెద్ద పెద్దవాళ్లకీ తెలియదు. శ్రీలంకలో, మధ్య అమెరికాలో కూడా ఇలాంటిది ఉంది, పొలాల్లో ఎండలో పనిచేసేవాళ్లకి. కానీ ఒకటి తెలుసు. ఇరవై ఏళ్ల క్రితం మీరు తాగిన సారా వల్ల ఇది రాలేదు. మీ పక్క మంచం పాపకి పంతొమ్మిదేళ్లు. ఆమె ఏం తాగింది?'

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత 'నిజంగా తెలీదా?' అన్నారు. 'నిజంగా తెలీదు.' 'డాక్టర్లు తెలీదని అనరు కదా.' 'అనాలి మరి, తెలియనప్పుడు.'

ఆ సాయంత్రం ఆయన గోడ వైపు తిరగలేదని సిస్టర్ రాసింది. ఆ రోజు నేను చేసిందేమీ లేదు, ఒక మూల నిలబడ్డాను. జవాబు దొరకని ప్రశ్నకి తప్పుడు జవాబులు పోగేసుకుని మోస్తున్న మనిషికి, 'తెలియదు' అన్నది ఎంత తేలిక చేస్తుందో అప్పుడే చూశాను. పాస్టర్లం ఆ మాట పలకడానికి ఎందుకో భయపడతాం.

అయితే సగం బరువే దిగింది. రెండు రోజుల తర్వాత ఆయనే అడిగారు: 'మరి నా కొడుక్కి?' ఇదీ అసలు భయం. 'చూద్దాం' అన్నాను, ఓదార్చలేదు. కొడుక్కి, కూతురికి రక్తపరీక్ష, మూత్రపరీక్ష చేయించాం. రిపోర్టు వచ్చే దాకా నలుగురూ పడ్డ టెన్షన్ చెప్పనక్కర్లేదు. ఇద్దరికీ బాగానే ఉంది. డాక్టర్ గారు అక్కడితో ఆపలేదు, ఏటా చేయించాలని కూడా చెప్పారు. ఆ రెండో మాట ఇప్పుడే వద్దని నేనన్నాను. 'అబద్ధం మీద నిలబడిన శాంతి ఎన్నాళ్లుంటుంది పాస్టర్ గారూ' అన్నారు ఆయన. దేవుణ్ణి నమ్మని మనిషి చేత అనిపించుకున్నాను.

సైకియాట్రిస్టు మాట కూడా ఈసారి డాక్టర్ గారే ఎత్తారు, బీపీ మాత్రలాగే ఇదీ ఒక మాత్ర అని. ఒప్పుకున్నారు. డిప్రెషన్‌కి ఇచ్చే సెర్ట్రలిన్ మాత్ర చిన్న మోతాదులో మొదలైంది. మూడు నాలుగు వారాలకి నిద్ర పట్టసాగింది.

మానేసే హక్కు

కొందరు తోటి సేవకులు ఇక్కడ నాతో ఒప్పుకోరు. డయాలసిస్ మానేస్తానన్న మాటని నేను పాపం అని కొట్టిపారేయలేదు. యంత్రం మీద జీవితం ఎంతవరకు అన్నది పేషెంటు అడగగల ప్రశ్నే. అయితే డిప్రెషన్‌లో, అదీ శాపభయంలో ఉండగా తీసుకున్న నిర్ణయాన్ని స్వేచ్ఛగా తీసుకున్నదనలేను. అందుకని క్రమం పెట్టుకున్నాం. ముందు భయం సంగతి, తర్వాత మందు పనిచేయడానికి సమయం, ఆ తర్వాతే ఈ మాట.

డాక్టర్ గారు, ఆయన, ఆయన భార్య, నేను కూర్చున్నాం. ఆపేస్తే ఏమవుతుందో దాచకుండా చెప్పారు: సాధారణంగా ఒకటి రెండు వారాలే బతుకుతారు, ఆయాసం రాకుండా మందులిస్తాం, వదిలేయం. మూడు నెలలు కొనసాగించి మళ్లీ మాట్లాడుకుందామా అని అడిగారు. మేస్త్రి భార్య వైపు చూశారు. ఆమె 'మీ ఇష్టం' అంది, కళ్లు మాత్రం ఆ మాట అనలేదు. 'మూన్నెల్లు సూద్దాం' అన్నారు ఆయన. తలుపు తెరిచి ఉందని తెలిశాక బయటికి పోవాలన్న తొందర తగ్గింది. బతకాల్సిందే అని మేం పట్టుబట్టి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను.

విశ్వాసానికీ మిషన్‌కీ పొసగదన్న చిక్కుని కూడా ఆయనే విప్పుకున్నారు. నేను అడిగింది ఒక్కటే: మందిరం గోడ కట్టేటప్పుడు ప్రార్థన చేసేవారా? 'రోజూ సేసేవోణ్ణి.' మరి గోడ నిటారుగా ఉందో లేదో చూసే మట్టపు గుండు? నవ్వారు, నెలల తర్వాత మొదటిసారి. 'గుండు ఎయ్యకుండా ప్రార్థనే సేస్తే గోడ కూలి మీ మీద పడుద్ది.'

88వ కీర్తన

ఈ లోపు నేను చేసింది, ఆయన చెప్పినట్టే, ఆ కుర్చీ పక్కన కూర్చోవడం. వారానికి రెండు రోజులు, నాలుగ్గంటల్లో రెండు గంటలు. మిషన్ అలారం మోగుతుంటుంది, టీవీలో ఏదో వస్తుంటుంది. బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ముగ్గురూ ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద మాట్లాడకుండా కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే, నోరు తెరిచాకే చెడగొట్టారు. నాకు మాట్లాడకుండా కూర్చోవడం చాలా కష్టం, చేతిలో బైబిలు ఉంటే ఇంకా కష్టం. మొదటి వారం బైబిలు ఆఫీసులోనే వదిలి వెళ్లాను.

ఐదో వారమో ఆరో వారమో ఆయనే అడిగారు, ఏదైనా చదవమని. అందరూ ఓదార్పుకి చదివే 23వ కీర్తన చదవబోయి ఆగాను. 88 తీశాను. కీర్తనల్లో మొర పెట్టుకునేవి చాలా ఉన్నాయి, మూడో వంతు దాకా. వాటిలో ఎక్కువ భాగం చివరికి స్తుతి వైపు తిరుగుతాయి. 88 తిరగదు. చీకట్లో మొదలై చీకట్లోనే ఆగిపోతుంది. మన ఆరాధనల్లో ఇది చదవగా నేను వినలేదు, నేనూ ఎప్పుడూ దీని మీద ప్రసంగించలేదు.

చివరి మాట, 'చీకటియే నాకు బంధువర్గమాయెను', అనేసరికి ఆయన ఆపారు. 'ఇది బైబిల్లో ఉందా?' పుస్తకం చేతికిచ్చాను. వేలు పెట్టి చదువుకున్నారు. 'నిజమే అయ్యగారూ. రాత్రి పన్నెండు దాటాక సూడ్డానికొచ్చే సుట్టం అదొక్కటే.'

తర్వాతి వారం ఆయన సొంత మొర చెప్పారు, నేను రాశాను. ఇందులో కొంత రాయమన్నారు:

'ప్రభువా, తిత్లీలో సెట్లు పట్టుకెళ్లావు, ఊరుకున్నాను. అన్నని పట్టుకెళ్లావు, ఊరుకున్నాను. నీ ఇంటికి గచ్చు సేశాను, నా ఇంట్లో గచ్చు పగిలిపోయుంది. దాహమేస్తంది. నీకూ సిలువ మీద దాహమేసింది గదా, నీకు తెలుసు గదా. నా కొడుకు జోలికొస్తే మాత్రం ఊరుకోను.'

చివరి వాక్యం దగ్గర నా పెన్ను ఆగింది. దేవుణ్ణి బెదిరిస్తున్నాడు, సరిదిద్దాలా? రాయనిచ్చాను. ఎందుకంటే నెలల తరబడి ఆయన దేవుడితో అసలు మాట్లాడలేదు. ఇప్పుడు 'నువ్వు' అని పిలిచి పోట్లాడుతున్నాడు. ఇంట్లో కూడా మాటలు మానేసిన మనిషి కన్నా అరిచే మనిషితోనే సంసారం నిలుస్తుంది. దాహం గురించిన మాట కూడా ఆయనే కనుక్కున్నారు. నేను చెప్పి ఉంటే అది కూడా ఇంకో వచనం అయ్యేది.

బల్ల

ఒక మాట మిగిలింది. ప్రభు భోజనం, అంటే సంఘంలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారం, ఆయన ఆరు నెలలుగా మానేశారు. దాన్నే మేం బల్ల అంటాం. ఇందులో రెండు కారణాలు పెనవేసుకున్నాయి. ఒకటి, అయోగ్యంగా తీసుకుంటే శిక్ష అన్న కొరింథీ పత్రిక మాట. రెండోది నవ్వొస్తుంది గానీ నిజం, ద్రాక్షరసం నీళ్ల లెక్కలోకి వస్తుందని, అందులో పొటాషియం ఉంటుందని భయం. రెండోదానికి డాక్టర్ గారు చిటికెలో జవాబిచ్చారు: రొట్టె ముక్క ద్రాక్షరసంలో అద్ది తీసుకోండి, ఏమీ కాదు.

మొదటిదానికి నేనే బల్ల ఇవ్వొచ్చు, నాకు అధికారం ఉంది. ఇవ్వలేదు. గాయం సంఘంలో తగిలింది, కట్టు కూడా సంఘమే కట్టాలి. వాళ్ల పాస్టర్ గారిని ఒక్కణ్ణే రమ్మన్నాను, బృందంతో వద్దన్నాను. ఆయన వయసులో చిన్నవాడు. వచ్చి, మంచం పక్కన నిలబడి, రొట్టె విరవక ముందు అన్నాడు: 'ఆ రాత్రి శాపం మాట అన్నప్పుడు నేను అడ్డు చెప్పాల్సింది. పెద్దాయనని చూసి భయపడ్డాను. క్షమించండి అన్నా.' మేస్త్రి కుడి చెయ్యి చాపారు. ఎడమ చేతిలో సూదులున్నాయి.

నేర్చుకున్నవి

మూడు నెలలకి పీహెచ్‌క్యూ అంకె 18 నుంచి 9కి దిగింది. ఏది పనిచేసింది అంటే నిజాయితీగా విడదీసి చెప్పలేను. మాత్ర పనిచేసింది, అందులో సందేహం లేదు. నిద్ర రానివాడు 88వ కీర్తనని కూడా వినలేడు. పిల్లల రిపోర్టులు పనిచేశాయి. కానీ నేను అడిగితే ఆయన వేరే చెబుతారు: 'దేవుడు నా మీద పగబట్టలేదని తెలిసింది. ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెలీదు. తెలీపోయినా ఇప్పుడు పడుకుంటన్నాను.'

పద్ధతిలో నేను మార్చుకున్నవి కొన్ని. సమాధానం అన్న మాట వినపడితే 'అంటే ఏంటండీ?' అని అడుగుతున్నాను, పాతికేళ్ల అనుభవం ఉన్నా సరే. ప్రార్థన బృందాన్ని పంపే ముందు వాళ్లతో అరగంట కూర్చుంటాను: సాక్ష్యాలు వద్దు, కారణాలు వెతకొద్దు, పావుగంటలో లేవండి, టీ అడగొద్దు. స్వస్థత కోసం ప్రార్థించడం మానలేదు, మానమని ఎవరికీ చెప్పను. 'ఆమేన్' తర్వాత 'మంగళవారం డయాలసిస్‌కి రండి' అని కలుపుతున్నాను. తప్పుడు బోధని ఖండించేటప్పుడు గదిలో ఇంకెవరున్నారో ముందు చూస్తున్నాను. దీనిలో ఇంకా తప్పుతూనే ఉన్నాను, నాకు కోపం ఎక్కువ.

ఆ పెద్దాయనతో మాట్లాడలేదు. మాట్లాడాలా వద్దా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆయనకీ ఇంట్లో ఒక కిడ్నీ పేషెంటు ఉన్నారని తర్వాత తెలిసింది.

ఇప్పుడు

ఇది రాసేనాటికి ఏడాదిన్నర దాటింది. మూడు నెలల మాట అప్పట్నుంచి ఆరుసార్లు పొడిగించుకున్నాం, ప్రతిసారీ నిజంగానే అడుగుతారు డాక్టర్ గారు. మేస్త్రి పాట ఎత్తడం మళ్లీ మొదలుపెట్టారు, రోజూ కాదు. కొత్తగా మిషన్ ఎక్కేవాళ్లకి దాహం తట్టుకోవడం నేర్పుతున్నారు: గ్లాసు నీళ్లు తాగేయకు, ఐసు ముక్క చప్పరించు, లెక్కలో రాసుకో.

చదివి వినిపించినప్పుడు ఒక్క మార్పు అడిగారు. 'మీ మీద కేకలేశానని రాశారు గానీ, తర్వాత మీరు మూడ్రోజులు రాలేదని రాయలేదు.' నిజమే. రాలేదు. జ్వరమని చెప్పించాను.

కొడుకు పరీక్ష ఏటా ఒక నెలలో వస్తుంది. రెండోసారి కూడా బాగానే ఉంది. ఆ నెల వచ్చేసరికి ఆయన మళ్లీ గోడ వైపు తిరుగుతారు, రిపోర్టు వచ్చేదాకా ప్రార్థన వద్దంటారు. సిస్టర్ ఇప్పుడు నాకు ఫోన్ చేయదు. మంచం పక్కన కుర్చీ వేసి ఉంచుతుంది.